సపోర్టివ్ థెరపీ మొదలుపెడుతున్నారా? మొదటి ఎనిమిది సెషన్ల సంగతి

మీరు అడిగినవి క్లుప్తంగా ఇవీ: కొన్ని నెలలుగా సరిగ్గా నిద్ర లేదు, ఏ పనిమీదా మనసు నిలవడం లేదు. డాక్టరు డిప్రెషన్ అని చెప్పి మందు మొదలుపెట్టారు, దాంతోపాటు సపోర్టివ్ సైకోథెరపిస్ట్ దగ్గరికి టాక్ థెరపీకి వెళ్లమన్నారు. వచ్చే వారమే మొదటి అపాయింట్‌మెంట్. అక్కడ ఏం జరుగుతుంది, ఏం మాట్లాడాలి, ఎన్నాళ్లు వెళ్లాలి, ఆ మనిషితో పొసగకపోతే ఏం చెయ్యాలి, అసలు ఊరికే మాట్లాడితే ఏం ఒరుగుతుంది?

చివరి ప్రశ్నే ముందు తీసుకుందాం. అది తేలకపోతే మిగతావేవీ తేలవు.

'మాటల వైద్యం' అన్న పేరు పెట్టింది డాక్టరు కాదు, రోగి. 1880-82 మధ్య వియన్నాలో జోసెఫ్ బ్రాయర్ అనే వైద్యుడి దగ్గర చికిత్స పొందిన బెర్తా పాపెన్‌హైమ్ అనే యువతి, తనకు జరుగుతున్నదాన్ని అలా పిలిచింది. (వైద్య చరిత్రలో 'అన్నా ఓ' అన్న మారుపేరుతో కనిపించేది ఈమే. ఆ చికిత్స తర్వాతివాళ్లు చెప్పుకున్నంత చక్కగా ముగియలేదు, ఆమె శానిటోరియంలో చేరాల్సి వచ్చింది.) ఆ దారిలో పుట్టిన పద్ధతులు లోపల పాతుకుపోయినదాన్ని తవ్వి బయటికి తియ్యడం మీద నమ్మకం పెట్టుకున్నాయి. సపోర్టివ్ థెరపీ నమ్మకం వేరు. ఇప్పుడున్న మనిషి ఇప్పుడున్న కష్టాన్ని తట్టుకునేలా, అతనిలో ఇప్పటికే ఉన్న బలాలు కూలిపోకుండా చూడటం దాని పని. తీగకు పందిరి వేసినట్టు. పాకాల్సింది తీగే, దాని బదులు పందిరి పాకదు.

చాలాకాలం దీన్ని రెండో రకం వైద్యంగా చూశారు, లోతైన విశ్లేషణ తట్టుకోలేనివాళ్లకు ఇచ్చేది ఇది అన్నట్టు. అమెరికాలోని మెనింజర్ అనే మానసిక వైద్య సంస్థలో 1950లలో మొదలైన ఒక సుదీర్ఘ పరిశీలన ఆ చులకనభావాన్ని చాలావరకు తగ్గించింది. 42 మంది రోగులను ఏళ్ల తరబడి గమనించాక, 1986లో రాబర్ట్ వాలర్‌స్టైన్ ఆ ఫలితాలు ప్రకటించారు. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ మార్పు ఆసరా ఇచ్చే పద్ధతుల వల్లే వచ్చిందని, అలా వచ్చిన మార్పు కూడా గట్టిగానే నిలిచిందని తేలింది.

కాబట్టి ఆ గదిలో జరిగేది కబుర్లలా కనిపిస్తుంది గానీ కబుర్లు కాదు. ప్రతి మాట వెనకా ఒక పని ఉంటుంది. మెచ్చుకోలునే తీసుకోండి. 'మీరు చాలా ధైర్యవంతులు' అన్నది పొగడ్త. డిప్రెషన్‌లో ఉన్న మనిషి దాన్ని నమ్మడు, పైగా 'వీళ్లకు నా సంగతి అర్థం కాలేదు' అనుకుంటాడు. 'వారం రోజులుగా ఎవరి ఫోనూ ఎత్తని మీరు నిన్న మీ అక్కకు మీరే ఫోన్ చేశారు' అన్నది మెచ్చుకోలు, ఎందుకంటే అది జరిగిన విషయం, కాదనడానికి లేదు. భరోసా ఇవ్వడంలోనూ అదే నియమం. మంచి థెరపిస్ట్ తనకు తెలిసినంత మేరకే భరోసా ఇస్తారు. 'అంతా బాగైపోతుంది' అనరు. 'ఈ రకం మందుల గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగో రోజుకు తేడా లేదంటే మందు పనిచెయ్యలేదని అర్థం కాదు' అంటారు.

ఇంకో ముఖ్యమైన పని, రాబోయేదానికి ముందే సిద్ధం చెయ్యడం. సెలవు తర్వాత సోమవారం ఆఫీసుకు వెళ్లాలి అనుకోండి. ఎవరు ఏం అడగొచ్చు, ఎక్కడ గొంతు పట్టేస్తుంది, అప్పుడు ఏ మాట అని బయటపడాలి, మధ్యాహ్నానికే ఓపిక అయిపోతే ఎవరికి చెప్పాలి, ఇదంతా గదిలో ఒకసారి నటించి చూసుకుంటారు. పెద్ద గుట్టలా కనిపించే సమస్యను ముక్కలుగా విడగొట్టడం, పేరులేని భయానికి పేరు పెట్టడం కూడా ఇందులో భాగమే. మీరు కష్టాన్ని తట్టుకోవడానికి ఇప్పటికే కొన్ని అలవాట్లు చేసుకుని ఉంటారు. బాధ గుర్తు రాకుండా పనిలో మునిగిపోవడం, సరదా మాటలతో విషయం దాటేయడం లాంటివి. అవి హాని చెయ్యనంతవరకు సపోర్టివ్ థెరపిస్ట్ వాటి జోలికి పోరు. ఊతకర్ర లాగేసి నడవమనడం వీళ్ల పద్ధతి కాదు. అలాగే, సినిమాల్లో చూపించినట్టు వెనక కూర్చుని మౌనంగా నోట్సు రాసుకోరు. ఎదురుగా కూర్చుంటారు, మాట్లాడతారు, అడిగినదానికి జవాబిస్తారు.

అయితే ఇది అన్నిటికీ పనికొచ్చేది కాదు, ఈ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. డిప్రెషన్‌కు, దుఃఖానికి, జీవితంలో పెద్ద కుదుపు వచ్చినప్పుడు, దీర్ఘకాలిక జబ్బుతో బతకాల్సి వచ్చినప్పుడు ఇది బాగా పనికొస్తుంది. ఓసీడీలో మాత్రం, అంటే తాళం వేశానా లేదా అని పదిసార్లు చూసుకునే రకం జబ్బులో, ఒట్టి భరోసా ఎదురు తిరుగుతుంది. 'ఏం కాదులెండి' అని థెరపిస్ట్ అన్న ప్రతిసారీ ఆ క్షణానికి హాయిగా ఉంటుంది, గంటకు మళ్లీ అదే భరోసా కావాలనిపిస్తుంది. తాళం చూసుకోవడానికీ దీనికీ తేడా లేదు. ఓసీడీకి, ఫోబియాలకు, పానిక్ అటాక్‌లకు భయాన్ని మెట్లుమెట్లుగా ఎదుర్కొనేలా చేసే ప్రత్యేక పద్ధతులు ఉన్నాయి. పాత గాయం తాలూకు పీడకలలు, ఉలికిపాట్లు ఏళ్ల తరబడి వదలనివాళ్లకు కూడా వేరే పద్ధతులు ఉన్నాయి. మొదటి సెషన్‌లోనే సూటిగా అడగండి: 'నా సమస్యకు ఇంతకంటే నేరుగా పనిచేసే పద్ధతి ఏదైనా ఉందా? ఉంటే అది మీకు వచ్చా?' ఈ ప్రశ్నకు నొచ్చుకునేవాళ్లు ఆ వృత్తికి తగరు.

మందు గురించి ఒక్క మాట. థెరపీ మొదలైంది కదా అని మందు మీ అంతట మీరు ఆపకండి. ఆపాలనిపిస్తే రాసిన డాక్టరుతో మాట్లాడి నెమ్మదిగా తగ్గించుకోవాలి. థైరాయిడ్, రక్తహీనత, బీ12 లోపం, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, ఇవి కూడా నీరసాన్ని, నిరాసక్తతను తెస్తాయి. ఆ పరీక్షలు జరగకపోతే జరిపించమని అడగండి. థైరాయిడ్ వల్ల వచ్చిన నీరసం మాటలతో పోదు.

ఇక అపాయింట్‌మెంట్ ముందు చేసుకోవాల్సిన పని. ఫోన్లోనే కనుక్కోవాల్సినవి ఇవి: వారి చదువు ఏమిటి, ప్రాక్టీసుకు లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ ఉందా, సెషన్ ఎంతసేపు, ఫీజెంత, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, చెప్పకపోతే ఫీజు పడుతుందా, సెషన్ల మధ్య ఫోనో మెసేజో చెయ్యొచ్చా, అత్యవసరమైతే ఎవరిని పిలవాలి. 'థెరపిస్ట్', 'కౌన్సెలర్' అన్న మాటలు అన్ని చోట్లా చట్టరక్షణ ఉన్న బిరుదులు కావు, అందుకే చదువు సంగతి అడగడంలో తప్పులేదు.

తర్వాత ఒకే ఒక కాగితం రాసుకోండి. ఒకటే. జీవితచరిత్ర పది పేజీలు రాసుకెళ్తే మొదటి గంటంతా చదవడంతోనే సరిపోతుంది, మీరు మాట్లాడటం మొదలే కాదు. కాగితంలో ఉండాల్సింది: ఇది ఎప్పుడు మొదలైంది, అప్పుడు చుట్టూ ఏం జరుగుతోంది, ఇదివరకు ఎన్ని గంటలు పడుకునేవారు, ఇప్పుడు ఎన్ని, ఆకలి, పని, స్నానం లాంటి రోజువారీ పనుల్లో ఏది దెబ్బతింది, వాడుతున్న మందుల పేర్లు, మోతాదు, మద్యం, ఇతర మత్తు ఎంత, ఎంత తరచుగా, ఇంతకుముందు థెరపీ తీసుకుంటే అందులో ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, చావు గురించిన ఆలోచనలు వస్తున్నాయా. చివర్లో ఒక్క వాక్యం: మూడు నెలల తర్వాత ఏం మారితే ఈ వైద్యం పనిచేసిందని ఒప్పుకుంటారు?

ఆ చివరి వాక్యం రాయడమే కష్టం. 'సంతోషంగా ఉండాలి' అని రాస్తే దాన్ని ఎవరూ కొలవలేరు. 'పొద్దున్నే ఎనిమిదింటికల్లా లేచి స్నానం చెయ్యగలగాలి', 'అన్నయ్యతో పది నిమిషాలు గొడవ లేకుండా మాట్లాడగలగాలి', ఈ తరహాలో రాయండి. ఎడ్వర్డ్ బోర్డిన్ అనే మనస్తత్వవేత్త 1979లో థెరపీ బంధాన్ని మూడు భాగాలుగా విడదీశారు: ఎక్కడికి వెళ్తున్నామన్న విషయంలో ఏకాభిప్రాయం, అక్కడికి వెళ్లడానికి ఏం చేస్తున్నామన్న విషయంలో ఏకాభిప్రాయం, ఒకరిమీద ఒకరికి నమ్మకం. జనం మూడోదే చూస్తారు, 'మనిషి మంచివారు' అని సరిపెట్టుకుంటారు. మొదటి రెండూ లేకపోతే మంచి మనిషి దగ్గర కూర్చుని కూడా ఏడాది వృథా చేసుకోవచ్చు.

మొదటి సెషన్ మామూలుగా 50 నిమిషాలు, కొందరు మొదటిసారికి 60 నుంచి 90 నిమిషాలు తీసుకుంటారు. మొదట ఫారాలు, సంతకాలు. తర్వాత గోప్యత గురించి చెబుతారు. మీరు చెప్పినది బయటికి పోదు, కానీ మీ ప్రాణానికి గానీ ఇతరుల ప్రాణానికి గానీ తక్షణ ముప్పు ఉంటే, పిల్లలమీద అఘాయిత్యం జరుగుతోందని తెలిస్తే, కోర్టు ఆదేశిస్తే మినహాయింపులు ఉంటాయి. ఈ హద్దుల వివరాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఉదాహరణలతో చెప్పమని అడగండి. తర్వాత ప్రశ్నలు వస్తాయి, చాలా ప్రశ్నలు. మొదటి సెషన్ నిజానికి థెరపీ కంటే వైద్యుడి దగ్గర జబ్బు వివరాలు చెప్పడానికే దగ్గరగా ఉంటుంది. 'వెళ్లాను, అన్నీ అడిగారు, ఏమీ చెప్పలేదు' అని తిరిగొచ్చేవాళ్లు ఎక్కువ. రెండో సెషన్ చూడకుండా తీర్పు చెప్పకండి.

ఆత్మహత్య ఆలోచనల గురించి నేరుగా అడుగుతారు. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. నిజం చెబితే వెంటనే ఆస్పత్రిలో పడేస్తారన్న భయంతో చాలామంది దాచేస్తారు. 'లేవకుండా ఉంటే బాగుండు' అనిపించడం, ఎలా చావాలో ఆలోచన సిద్ధంగా ఉండటం, దానికి కావలసింది చేతికి అందేలా పెట్టుకోవడం, ఈ మూడూ వేర్వేరు మెట్లు. థెరపిస్ట్ చూసేది మీరు ఏ మెట్టుమీద ఉన్నారన్నది. మొదటి మెట్టు మీద ఉన్నవాళ్లతో ఎక్కువగా చేసేది భద్రతా ప్రణాళిక రాయించడమే. అందులో ఆరు భాగాలు ఉంటాయి: ముందస్తు సూచనలు, నాకు నేనుగా చేసుకోగలిగేవి, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగదగిన మనుషులు, ఫోన్ చేయాల్సిన వైద్యులూ అత్యవసర సేవలూ, ప్రమాదకరమైన వస్తువులను చేతికి అందకుండా దూరం చెయ్యడం. మూడో మెట్టు దగ్గర ఉన్నామనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అత్యవసర విభాగానికి వెళ్లండి, వెళ్లేదాకా ఒంటరిగా ఉండకండి.

నోరు ఎలా తెరవాలో తెలియడం లేదంటే ఈ మాటలు చాలు: 'ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. కాగితం మీద కొంత రాసుకొచ్చాను, ఇది చదువుతాను.' లేదా, 'మీరే అడగండి, నాకు జవాబు చెప్పడం తేలిక.' రెండూ మర్యాదైన ప్రారంభాలే. ఏడుపొస్తే రానివ్వండి, మాట ఆగిపోతే ఆగనివ్వండి. అక్కడ టిష్యూ డబ్బా ఉండేది అందుకే.

పాత గాయం ఏదైనా ఉంటే మొదటిరోజే పూస గుచ్చినట్టు చెప్పనక్కర్లేదు. 'ఒక విషయం ఉంది, ఇప్పుడు చెప్పలేను, ఉందని మాత్రం తెలియాలి' అంటే చాలు. ఘోరం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి మొత్తం ఏకబిగిన చెప్పించే ఒకే సెషన్ పద్ధతి ఒకప్పుడు బాగా ప్రచారంలో ఉండేది. అది తర్వాతి మానసిక జబ్బును ఆపలేదని పరీక్షల్లో తేలడంతో దాన్ని సిఫారసు చెయ్యడం మానేశారు. ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది మీ చేతిలోనే ఉండాలి.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఇబ్బంది ఒకటుంది. నలభై ఎనిమిది నిమిషాలు ఆఫీసు కబుర్లు చెప్పి, తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ 'అన్నట్టు, మేం విడిపోతున్నాం' అనడం. థెరపిస్టులకు ఇది ఎంత పరిచయమంటే దీనికి వాళ్లలో 'తలుపు పిడి' పేరుతో ఒక మాటే ఉంది. బరువైనది చివరికి వస్తుంది, ఎందుకంటే అప్పుడైతే దాని గురించి మాట్లాడాల్సిన పని ఉండదు. మందు ఒకటే: ఇవాళ చెప్పడానికి ఏది ఎక్కువ ఇబ్బందిగా ఉందో దాన్ని మొదటి పది నిమిషాల్లో, కనీసం పేరుపెట్టి, బల్లమీద పెట్టెయ్యడం.

ఇప్పుడు అసలు విషయం. సపోర్టివ్ థెరపీని పాడుచేసేది ఎక్కువసార్లు తప్పుడు పద్ధతి కాదు, మొహమాటం.

ఇదెందుకు ఈ థెరపీకే ఎక్కువ ప్రమాదమంటే, ఇక్కడ పనిముట్టు బంధమే. థెరపీలో ఏర్పడే సంబంధానికీ ఫలితానికీ ఉన్న లంకె మీద 295 అధ్యయనాలను కలిపి 2018లో ఒక విశ్లేషణ వచ్చింది. లంకె అసలు లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1 అనుకుంటే, అది 0.28 దగ్గర తేలింది. అంకె చిన్నదే, కానీ పద్ధతి ఏదైనా, జబ్బు ఏదైనా ఇది నిలకడగా కనిపిస్తుంది. ఎదుటి మనిషి దయగా, ఓపిగ్గా వింటున్నకొద్దీ మనకు 'పాపం, ఇంత కష్టపడుతున్నారు, బాగైపోయినట్టు కనిపించాలి' అనిపిస్తుంది. 'ఈ వారం ఎలా ఉంది?' అంటే 'బాగానే ఉందండీ' అంటాం. రాత్రి మూడింటిదాకా మేలుకునే ఉన్నాం. పోయినసారి ఒక మాట గుచ్చుకుంది, చెప్పం. వారం నుంచి మందు వేసుకోలేదు, చెప్పం. చేస్తామన్న పని చెయ్యలేదు, చేశామంటాం. ఫీజు భారమవుతోంది, అదీ చెప్పం, జ్వరమని చెప్పి రెండు సెషన్లు ఎగ్గొడతాం. మూడోదానికి సిగ్గుపడి మొత్తానికే మానేస్తాం. 2012లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం థెరపీ మొదలుపెట్టిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు మధ్యలోనే మానేస్తారు.

బంధంలో పగులు రెండు రకాలుగా వస్తుందని దీన్ని పరిశోధించినవాళ్లు చెబుతారు. ఒకటి ఎదురుతిరగడం: 'మీరు చెప్పేదేం పనిచెయ్యడం లేదు' అని మొహాన అనేయడం. రెండోది ముడుచుకుపోవడం: తలూపడం, జవాబులు పొట్టివైపోవడం, విషయం మార్చడం, మర్యాద ఎక్కువైపోవడం. మొదటిది థెరపిస్ట్‌కు కనిపిస్తుంది, కాబట్టి సరిదిద్దే అవకాశం ఉంటుంది. రెండోది అనుభవజ్ఞుల కళ్లు కూడా గప్పుతుంది. మొహమాటస్తులు వెళ్లేది ఎప్పుడూ ఈ రెండో దారినే. గమ్మత్తేమిటంటే, ఆ పగులును పైకి చెప్పి సరిచేసుకోవడమే వైద్యంలో పెద్ద భాగం అవుతుంది. 'కష్టంగా ఉందని చెప్పినా ఈ మనిషి దూరం కాలేదు' అన్న అనుభవం చాలామందికి బయట ఎక్కడా దొరికి ఉండదు.

అందుకే చెప్పే మాటలు కూడా సిద్ధం చేసుకోండి. 'పోయినసారి మీరు అన్న మాట నాకు బాధ కలిగించింది. మీ ఉద్దేశం అది కాకపోవచ్చు, కానీ వారమంతా అదే తిరిగింది.' 'మీరిచ్చిన సలహా నాకు కుదరదు, ఎందుకో చెబుతాను.' 'నేను మందు ఆపేశాను, మీరు కోప్పడతారేమోనని చెప్పలేదు.' 'ఇక్కడికి వస్తున్నా గానీ ఏమీ మారుతున్నట్టు లేదు.' నోరు రాకపోతే రాసి సెషన్ మొదట్లో చేతికివ్వండి. అప్పుడు ఆ మనిషి ఏం చేస్తారో చూడండి. మంచివాళ్లు ఆగుతారు, ఇంకొంచెం చెప్పమంటారు, తమ పొరపాటుంటే ఒప్పుకుంటారు, తీరు మార్చుకుంటారు. సమర్థించుకుంటూ పోతే, లేదా 'మీ జబ్బే మీచేత ఇలా అనిపిస్తోంది' అని కొట్టిపారేస్తే, ఆ సమాచారం మీకు ఆరు సెషన్ల ముందే దొరికినట్టు.

సెషన్లు మొదట్లో వారానికి ఒకటి ఉండాలి. పదిహేను రోజులకొకటి అయితే సగం సమయం ఈలోపు జరిగిన వార్తలకే పోతుంది, బంధం కుదరడానికి నెలలు పడుతుంది. సెషన్ అయ్యాక వెంటనే మీటింగుకో, ఇంట్లో పెద్ద చర్చకో వెళ్లకండి. పదిహేను నిమిషాలు నడవండి, మూడు లైన్లు రాసుకోండి: ఏ మాట తగిలింది, ఏం చేస్తానన్నాను, ఏం చెప్పకుండా వచ్చాను. మూడో లైనే వచ్చే సెషన్‌కు మొదటి వాక్యం. సెషన్ తర్వాత ఒకటి రెండు రోజులు బరువుగా ఉండటం మామూలే. వారం వారానికీ నిద్ర, తిండి, పని మరింత దిగజారుతుంటే మాత్రం అది మామూలు కాదు, వెంటనే చెప్పాలి. థెరపీలో కొందరి పరిస్థితి దిగజారుతుంది కూడా. పెద్దవాళ్లలో అలాంటివారు నూటికి ఐదు నుంచి పది మంది అని అంచనా.

ఆన్‌లైన్‌లో అయితే అదనపు జాగ్రత్త ఒకటే: తలుపు మూసిన గది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. పక్కగదిలో ఇంట్లోవాళ్లు ఉన్నారని గొంతు తగ్గించి చేసే సెషన్ సగం సెషనే. కుదరకపోతే ఆపి ఉన్న కారులోంచి మాట్లాడండి. కాల్ తెగిపోతే ఎవరు ఎవరికి ఫోన్ చెయ్యాలో ముందే అనుకోండి. ఇంట్లోవాళ్లు 'లోపల ఏం చెప్పావు' అని అడిగితే 'ఇంకా మొదట్లోనే ఉన్నాం' అన్న జవాబు ఎన్నిసార్లైనా వాడొచ్చు.

పనిచేస్తోందో లేదో మనసును అడిగితే అది ఆ పూట మూడ్‌ను బట్టి చెబుతుంది. అంకెలు పెట్టుకోండి. డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది, 0 నుంచి 27 దాకా మార్కులు. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి కొంత తీవ్రం, 20 నుంచి తీవ్రం. ఆందోళనకు జీఏడీ-7, 0 నుంచి 21. రెండు వారాలకోసారి నింపి సెషన్‌కు తీసుకెళ్లండి. పీహెచ్‌క్యూ-9లో ఐదు మార్కుల తేడా అంటే లెక్కలోకి తీసుకోదగిన మార్పు. ఒకటి రెండు మార్కుల ఊగిసలాటకు సంబరపడొద్దు, దిగులు పడొద్దు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి సున్నా కాక మరేది వచ్చినా, మొత్తం ఎంత తక్కువున్నా, ఆ రోజు దాని గురించి మాట్లాడాలి.

ఎన్నాళ్లు అన్నదానికి 1986లో వచ్చిన ఒక విశ్లేషణను ఇప్పటికీ చెప్పుకుంటారు. దాదాపు సగం మందిలో 8 సెషన్లకల్లా, నాలుగింట మూడొంతుల మందిలో 26 సెషన్లకల్లా కొలవగలిగిన మెరుగుదల కనిపించింది. మీకు ఇంతే పడుతుందని కాదు దీని అర్థం. ఎనిమిదో సెషన్ దగ్గర ఆగి లెక్క చూసుకోవడానికి ఇది సరైన చోటు, అంతే. కాగితం మీద రాసిన ఆ చివరి వాక్యం తీసి బల్లమీద పెట్టండి, ఇద్దరూ కలిసి చూడండి. ఏ కదలికా లేకపోతే మూడు దారులున్నాయి: లక్ష్యం మార్చడం, పద్ధతి మార్చడం, మందు సంగతి డాక్టరుతో మళ్లీ చూడటం. 'ఇంకొన్నాళ్లు చూద్దాం' అన్నది నాలుగో దారి. కారణం, గడువు చెప్పనంతవరకు దాన్ని ఒప్పుకోకండి. ఈ థెరపీలో అన్నిటికంటే మెత్తటి ఉచ్చు ఇదే. గదిలో హాయిగా ఉంటుంది, బయట ఏమీ మారదు, ఆ హాయికోసమే ఏళ్ల తరబడి వెళ్తుంటారు. అయితే తగ్గని జబ్బుతో బతికేవాళ్లకు నిలకడగా ఉండటమే లక్ష్యం కావొచ్చు, వాళ్లు నెలకోసారి చొప్పున ఏళ్లపాటు వెళ్లడంలో తప్పేమీ లేదు. తేడా ఏమిటంటే, వాళ్లది అనుకుని ఎంచుకున్న దారి.

కొన్నిటికి మాత్రం ఎనిమిది సెషన్లు ఆగనక్కర్లేదు. మందు మానెయ్యమనడం, విడాకులు తీసుకో, ఉద్యోగం మానెయ్ అని మీ నిర్ణయాలు తామే చేసెయ్యడం, సగం సమయం తమ గోడు చెప్పుకోవడం, వ్యాపారంలోకో అప్పులోకో లాగడం, 'మన మధ్య మాటలు ఎవరికీ చెప్పొద్దు' అని మీకే ఆంక్ష పెట్టడం, గ్యారంటీ ఇవ్వడం, ఇవన్నీ లేచి వచ్చెయ్యడానికి చాలినన్ని కారణాలు. లైంగికమైన మాటగానీ స్పర్శగానీ ఉంటే చర్చే లేదు. మీరు ఒప్పుకున్నా సరే అది థెరపిస్ట్ తప్పే. వారి లైసెన్సు ఇచ్చిన సంస్థకు ఫిర్యాదు చెయ్యండి.

ఏ నేరమూ లేకుండా, ఉత్తినే కుదరకపోవడం కూడా ఉంటుంది. మూడు నాలుగు సెషన్లు చూసి, చెప్పి చూసి, అప్పటికీ నోరు తెరుచుకోకపోతే మారడంలో తప్పులేదు. చెప్పాపెట్టకుండా మాయం కాకండి. 'మనకు కుదరడం లేదనిపిస్తోంది, నాకు ఎలాంటివారు సరిపోతారనుకుంటున్నారు?' అని అడగండి. చాలామంది పేర్లు కూడా చెబుతారు. ఇప్పటిదాకా జరిగినదాని సారాంశం ఒక పేజీ రాసిమ్మని అడిగి తీసుకోండి. కొత్తచోట మొదటి గంట మళ్లీ మొదటినుంచి చెప్పుకోకుండా గడుస్తుంది.

బాగై ముగించేటప్పుడు కూడా ఒక్కసారిగా ఆపకుండా వారం నుంచి పదిహేను రోజులకు, అక్కడినుంచి నెలకు దూరం పెంచుకుంటూ వస్తారు. చివరి రెండు సెషన్లలో ఒక పని మాత్రం తప్పక చేయించుకోండి: మళ్లీ దిగజారడం మొదలైతే మీలో ముందుగా కనిపించే సూచనలు నాలుగో ఐదో రాయించుకోవడం. ఒకరికి అది వరుసగా మూడు రాత్రులు నిద్ర చెడటం కావొచ్చు, ఇంకొకరికి ఫోన్ మెసేజ్‌లకు జవాబివ్వడం మానెయ్యడం కావొచ్చు. అందులో రెండు కనిపిస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఆ కాగితం కిందే నంబరుతో సహా రాసి, మీరు కాక ఇంకొక మనిషికి దాని నకలు ఇచ్చి ఉంచండి. ఆ సమయానికి మీ అంతట మీరు ఆ కాగితం తీసి చూసే ఓపిక ఉండకపోవచ్చు.